కొరికి చూసిన గవ్వలు

మండపేటలో తెలివికి లోటు లేదు. కాకపోతే ఉన్నదంతా భ్రమరాంబ గారి మేడమీద గదిలో ముగ్గురి దగ్గరే పోగుపడిపోయిందని, అందుకే ఊళ్ళో మిగతావాళ్ళకి సరిపోవడం లేదని, ఆ ముగ్గురే చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోవడమే కాదు, ఊరి గురించి కాస్త బాధపడేవాళ్ళు కూడా.

త్రిమూర్తులు జిరాక్స్ షాపులో పనిచేస్తాడు. నూకరత్నం మందుల షాపులో. అబ్బులు సైకిళ్ళ షాపులో. ముగ్గురికీ ఆటల పిచ్చి. పని అవ్వగానే మేడెక్కి, చాప పరిచి, "ఓడలూ రేవులూ" అనే బోర్డు ఆట ముందేసుకుని కూర్చుంటారు. పాచిక వెయ్యాలి, ఓడ జరపాలి, ఒక రేవులో మిరియాలు దింపి ఇంకో రేవులో ఏలకులు ఎక్కించాలి. ఆట చిన్నదే. రూల్ బుక్కు మాత్రం చాంతాడంత.

వీళ్ళ గర్వమంతా ఆ రూల్ బుక్కు దగ్గరే ఉంది. లోకంలో జనం ఆటలాడతారు, వీళ్ళు రూల్సు ఆడతారు. రాసింది రాసినట్టు చెయ్యాలి. రాయనిది చేస్తే మోసం. ఎంతో చెప్పాల్సిన చోట అంకె లేకపోతే పాచిక వేసి తేల్చాలి. అందరికంటే చిన్నవాళ్ళు ఆట మొదలుపెట్టాలని ఒక రూలుంది. ముగ్గురిలో చిన్నవాడు అబ్బులు. ఓసారి అబ్బులికి జ్వరమొచ్చి రాలేదు. ఇంకేముంది, మిగతా ఇద్దరూ బోర్డు ముందు కూర్చుని సాయంత్రమంతా ఎదురుచూసి, "ఇవాళ ఆట భలే గట్టిగా సాగింది, ఎవరూ ఓడలేదు" అనుకుని ఇళ్ళకి పోయారు.

ఇలా బోర్డు ఆటలాడేవాళ్ళు ఊరూరా కొందరుంటారు. వాళ్ళందరికీ కలిపి ఫోన్లో ఓ గ్రూపుంది. పేరు "పాచిక–పకోడీ". ఆడుతూ ఆడుతూ నోట్లో వేసుకోవడానికి ఇంట్లో ఏం చేసుకోవచ్చో అందులో చెప్పుకుంటారు. నెయ్యి కారేవి, బెల్లం సాగేవి, క్షణంలో అయిపోయేవి, వేళ్ళకి జిడ్డంటనివి. మనవాళ్ళూ ఊరుకోలేదు. అబ్బులు ఒక వంట పెట్టాడు. "అరటిపండు. తొక్క తియ్యాలి. తినాలి." అనకాపల్లి నుంచి ఎవరో "ఏ వైపు నుంచి తియ్యాలి?" అని అడిగారు. ముగ్గురూ ఆట ఆపి, వాదించుకుని, చెమటలు కక్కి, చివరికి "రెండు వైపుల నుంచీ తీసుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకోవాలి" అని జవాబిచ్చారు. అప్పట్నుంచి తమకి వంట కూడా వచ్చని వాళ్ళకి రూఢి అయిపోయింది.

ఇలా ఉండగా, ఒక శుక్రవారం సాయంత్రం భ్రమరాంబ గారు మెట్లెక్కి వచ్చింది. కుడిచెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. పెరట్లో పాచి మీద జారి మణికట్టు బెణికించుకుంది పాపం.

"ఇదిగో నాయనా, ముగ్గురూ వినండి," అంది. "గది ఊరికే పడుందని మీకిచ్చాను. మీరేమో రోజూ బజ్జీలు తెచ్చి తిని, కాగితాలు కిటికీలోంచి నా తులసికోటలో పడేస్తున్నారు. అవతల గుర్నాథం మాస్టారు ట్యూషన్ చెప్పుకోడానికి గది ఇమ్మని కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు."

ఆ గది పోతే ఓడలు ఎక్కడ తిప్పాలి? త్రిమూర్తులు ఇంట్లో మంచం వెయ్యడానికే చోటు లేదు. నూకరత్నం ఇంట్లో వాళ్ళ నాయనమ్మ పాచిక చూస్తే జూదమని చీపురు తీస్తుంది. అబ్బులు ఉండేది సైకిళ్ళ షాపు వెనక రేకుల కిందే.

"పిన్నిగారూ, అంత మాటనకండి," అంది నూకరత్నం.

"అనను, ఒక పని చేసి పెడితే. ఆదివారం మధ్యాహ్నం మా మహిళా మండలి మీటింగు నా వంతు. మీ పక్క హాల్లోనే. ఫలహారం ఇంట్లో చేసిందే పెట్టాలని మండలి కట్టుబాటు, బయట కొన్నది కుదరదు. నా చెయ్యి చూస్తే ఇలా ఉంది. పైగా ప్రెసిడెంటు విశాలాక్షి. దాని సంగతి మీకు తెలీదు. పోయిన నెల దాని ఇంట్లో కజ్జికాయలు తిని అందరూ అదేదో అమృతమన్నారు. ఇప్పుడు నా ఇంట్లో పేరు పోయిందంటే నేను మండలిలో తలెత్తుకోలేను."

"మాకు వంట వచ్చండీ," అన్నాడు అబ్బులు. "అరటిపండు నాదే."

"అదేంటో నాకు తెలీదు కానీ, గవ్వలు చెయ్యడం వచ్చా? బెల్లం గవ్వలు?"

"రాకపోతే రప్పిస్తాం. మాకు తునిలో హైమక్క ఉంది. గ్రూపులో అందరికంటే పెద్ద వంటగత్తె."

"సరే. ఆదివారం నా పరువు నిలబెడితే గది మీదే. లేదా సోమవారం నుంచి మాస్టారిది." ఇలా అని ఆవిడ దిగి వెళ్ళిపోయింది.

హైమక్క తునిలో ఆటల క్లబ్బు నడుపుతుంది. పాచిక ఎంత బాగా వేస్తుందో, పాకం అంత బాగా పడుతుంది. అడగ్గానే వాయిస్ మెసేజ్ పంపింది.

"వినండర్రా. రెండు కేజీల మైదా, పావుకేజీ బొంబాయి రవ్వ, పెద్ద గరిటెడు వేడి నెయ్యి, ఉప్పు తగినంత. పూరీ పిండిలా గట్టిగా కలిపి, తడిబట్ట కప్పి కాసేపు పక్కన పెట్టుకోండి. తర్వాత చిట్టి చిట్టి ఉండలు చేసి, కొత్త దువ్వెన మీద బొటనవేలితో నొక్కి దొర్లిస్తే గవ్వలొస్తాయి. నూనెలో ఎర్రగా వేయించండి. కొరికి చూడండి, కరకరలాడితే అయినట్టే. తర్వాత బెల్లం పాకం పట్టండి. నీళ్ళలో వేసి చూస్తే ఉండ కట్టాలి. అప్పుడు గవ్వలు అందులో వేసి కలిపెయ్యడమే. తీపి తిన్నాక కారం కావాలనుకుంటే మరమరాలు పెట్టండి. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం మాత్రం తినేముందే కలపండి, ముందే కలిపితే మెత్తబడి చస్తాయి. అంతే! ఆట మధ్యలో కూడా చేసుకోవచ్చు, అంత తేలిక."

హైమక్క చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. ఆవిడ తప్పల్లా ఎవరికి చెబుతున్నదో మర్చిపోవడమే.

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ మేడమీద గదిలో గ్యాస్ పొయ్యి, బాణలి, పెద్ద బేసిన్ పెట్టుకుని కూర్చున్నారు. భ్రమరాంబ గారు కట్టు మార్పించుకోడానికి ఆసుపత్రికి వెళ్ళింది. వెళ్ళకుండా ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

మైదా పోశారు. రవ్వ పోశారు. నెయ్యి పోశారు.

"ఉప్పు తగినంత," అంది నూకరత్నం, ఫోను చెవి దగ్గర పెట్టుకుని.

"తగినంత అంటే ఎంత?" అన్నాడు త్రిమూర్తులు.

"తగినంత అంటే సరిపడా."

"సరిపడా అంటే?"

"తగినంత."

"చూశావా, తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది. అంకె లేదు. పాచిక తియ్యి."

పాచిక వేశారు. ఆరు పడింది.

"ఆరు సరే. చెంచాలా, గరిటెలా?" అన్నాడు అబ్బులు. మంచి ప్రశ్న. బేసి పడితే చెంచాలు, సరి పడితే గరిటెలు అనుకుని మళ్ళీ వేశారు. సరి పడింది. అంతే, ఆరు గరిటెల ఉప్పు పిండిలోకి దిగిపోయింది. "ఇవాళ పాచిక మనవైపే ఉంది," అన్నాడు త్రిమూర్తులు. గెలుస్తున్నప్పుడు అతను ఎప్పుడూ మీసం తడుముకుంటాడు. పిండి చేత్తోనే తడుముకున్నాడు.

పిండి కలిపారు. ఇక తడిబట్ట కావాలి. గదిలో తువ్వాలుంది, పొడిగా ఉంది. దుప్పటి ఉంది, అదీ పొడే.

"తువ్వాలు తడిపేస్తే?" అన్నాడు అబ్బులు.

నూకరత్నం వాడి వైపు జాలిగా చూసింది. "తడపమని అక్క అందా? తడిబట్ట కప్పమంది. పొడిబట్టని తడిపితే అది తడిపిన బట్ట అవుతుంది కానీ తడిబట్ట ఎలా అవుతుందిరా? తడిగా ఉన్నది ఎక్కడుందో వెతకాలి."

వెతికారు. దొరికింది. డాబా మీద తీగకి భ్రమరాంబ గారి వెంకటగిరి చీర వేలాడుతోంది. మధ్యాహ్నం మీటింగుకి కట్టుకోవాలని పొద్దున్నే పనిమనిషి చేత ఉతికించి ఆరేయించింది. నీళ్ళు ఇంకా కారుతున్నాయి. ఇంకేముంది, చీర వచ్చి బేసిన్ మీద కూర్చుంది.

"ఇప్పుడు కాసేపు పక్కన పెట్టుకోవాలి," అంది నూకరత్నం.

"ఎవరి పక్కన?"

అంకెలూ పేర్లూ లేని చోట పాచికే దిక్కు. పాచిక అబ్బులు పేరు చెప్పింది. అబ్బులు బేసిన్‌ని తన పక్కన పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. కానీ బజారుకెళ్ళి కొత్త దువ్వెన తేవాల్సింది కూడా అబ్బులే. లేచాడు. బేసిన్ కూడా లేచింది. సైకిలు క్యారేజీ మీద పెడితే వెనక పెట్టుకున్నట్టవుతుంది, ముందు బుట్టలో పెడితే ముందవుతుంది. అందుకని ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, ఇంకో చేత్తో బేసిన్ పక్కన పట్టుకుని, మెయిన్ రోడ్డు మీద బయల్దేరాడు. చీర కొంగు ఊరంతా ఊడ్చుకుంటూ వచ్చింది.

ఫ్యాన్సీ షాపాయన అడిగాడు కూడా. "ఏంట్రా అబ్బులూ అది? ఎవరికన్నా సారె పట్టుకెళుతున్నావా?"

"కాదండీ, పిండి. పక్కన పెట్టుకున్నాను."

"ఎందుకు?"

"కాసేపండీ."

షాపాయన ఇంకేమీ అడగలేదు. దువ్వెన ఇచ్చేశాడు.

గవ్వలు దొర్లించడం మాత్రం ముగ్గురూ చక్కగా చేశారు. ఎలా చేశారో ఎవరికీ తెలీదు. ఒక్కో గవ్వా చారలు చారలుగా, సముద్రపు ఒడ్డున ఏరుకొచ్చినట్టుంది. ఎర్రగా వేయించారు. బాణలి దగ్గర వాసన చూస్తే ఎవరైనా ఇక్కడ పెద్ద వంటవాళ్ళున్నారనుకునేవాళ్ళే.

అప్పుడు నూకరత్నం అంది, "కొరికి చూడాలి. కరకరలాడితే అయినట్టే."

త్రిమూర్తులు ఒకటి కొరికాడు. కరకరలాడింది. మొహం చిట్లించి, రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు.

"ఏంటి, ఉప్పగా ఉందా?" అన్నాడు అబ్బులు.

"ఉప్పు సంగతి అక్క అడగలేదు. కరకరలాడిందా లేదా అంది. ఆడింది."

"అయితే అయిపోయినట్టేనా?"

"ఈ గవ్వ అయిపోయింది. పక్కదాని సంగతి నీకు తెలుసా?"

అబ్బులికి తెలీదు. నూకరత్నానికీ తెలీదు. ఒక గవ్వ కరకరలాడింది కదాని దాని పక్కది కూడా ఆడి తీరాలని రూలెక్కడుంది? ఒకే కాన్పులో పుట్టిన పిల్లలకే బుద్ధులు వేరుగా ఉంటాయి. మండలిలో పెద్ద పెద్ద ఆడవాళ్ళు వస్తున్నారు, వాళ్ళకి కరకరలాడని గవ్వ ఒక్కటి తగిలినా భ్రమరాంబ పిన్నిగారి పరువేం కావాలి? గదేం కావాలి? అంతే, బేసినెడు గవ్వలు మధ్యలో పెట్టుకుని ముగ్గురూ వరసగా కొరకడం మొదలుపెట్టారు. కొరకడం, వినడం, మిగిలిన సగం పళ్ళెంలో వెయ్యడం. మింగడానికి మనసొప్పక కాదు, గొంతొప్పక మధ్య మధ్యలో బిందె దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. బిందె ఖాళీ అయింది. ఇంకో బిందె తెచ్చారు.

"ఇది కాస్త మెత్తగా అనిపించింది," అన్నాడు అబ్బులు ఒకటి చూపించి.

త్రిమూర్తులు దాన్నే తీసుకుని ఇంకోవైపు కొరికాడు. "నాకు బాగానే వినిపించింది. రత్నం, నువ్వు చూడు." నూకరత్నం కూడా కొరికి, "రెండు ఓట్లు ఔను, ఒకటి కాదు. పాసు," అని చిటికెన వేలి గోరంత మిగిలిన దాన్ని పళ్ళెంలో వేసింది.

తర్వాత పాకం. బెల్లం కరిగించారు, బుడగలొచ్చాయి, గది కమ్మటి వాసనతో నిండిపోయింది. "నీళ్ళలో వేసి చూస్తే ఉండ కట్టాలి," అంది నూకరత్నం. బకెట్లో చల్లటి నీళ్ళున్నాయి. త్రిమూర్తులు గుడ్డలు పట్టుకుని గిన్నె ఎత్తి, మొత్తం పాకాన్ని బకెట్లోకి వంపేశాడు.

ముగ్గురూ వంగి చూశారు. కట్టింది. బకెట్ అడుగున పొత్రం అంత ఉండ, బకెట్‌ని పట్టుకుని కదలనంటోంది.

"ఇందులో గవ్వలు కలపడం ఎలాగ?" అన్నాడు అబ్బులు. గట్టి గరిటె పెట్టి పొడిచి చూశారు. గరిటె వంగింది, ఉండ వంగలేదు. హైమక్కకి ఫోన్ చేశారు.

"పాకం ఎలా వచ్చిందర్రా?"

"ఉండ కట్టిందక్కా. మీరన్నట్టే."

"శెభాష్! ఎంత పాకం వేసి చూశారు?"

"ఎంతుందో అంతా."

"అంతా అంటే?"

"గిన్నెలో ఇంకేమీ మిగల్లేదక్కా. మోసం చెయ్యలేదు."

హైమక్క ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. "సరే. పోనీండి. గవ్వలు వేయించారు కదా? బాగా వచ్చాయా?"

"ఒక్కోటీ చూశామక్కా. అన్నీ పాసు."

"అయితే పాకం వదిలెయ్యండి. కాస్త కారం జల్లి కారం గవ్వలని పెట్టెయ్యండి. మండలి వాళ్ళు ఇష్టంగానే తింటారు."

"కాస్త అంటే ఎంతక్కా?"

"కాస్త అంటే కాస్తేరా నాయనా!" అని హైమక్క పెట్టేసింది.

పాచిక వేశారు. అయిదు. చెంచాలా గరిటెలా అన్నది ఇందాకే తేలిపోయింది కాబట్టి మళ్ళీ వెయ్యలేదు.

మధ్యాహ్నం భ్రమరాంబ గారు మేడమీదకొచ్చింది, జుట్టు దువ్వుకుని, పూలు పెట్టుకుని. "ఒరేయ్, నా వెంకటగిరి చీర తీగ మీద లేదు. చూశారా?"

"చూశామండీ," అన్నారు ముగ్గురూ.

ఆవిడ ఎదురుచూసింది. వాళ్ళూ ఎదురుచూశారు.

"ఎక్కడుందిరా?"

"ఇక్కడేనండీ. తీగ మీద వెయ్యాలని ఎవరూ చెప్పలేదని ఉంచాం."

నెయ్యి మరకలు, మైదా చారలు, కొంగుకి మెయిన్ రోడ్డు దుమ్ము. భ్రమరాంబ గారు ఎడంచేత్తో చీర కొంగు దులిపింది. కింద గేటు చప్పుడైంది. మండలి వచ్చేసింది. "మీ పని తర్వాత చెబుతాను. గవ్వలన్నా బాగున్నాయా?"

"ఒక్కటి కూడా వంక పెట్టడానికి లేదండీ," అంది నూకరత్నం, నిజాయితీగా. ఆవిడ ఏదో పాత చీర చుట్టుకుని హాల్లోకి పరిగెత్తింది.

విశాలాక్షి గారు మధ్య కుర్చీలో కూర్చుంది. మిగతావాళ్ళు చుట్టూ. "ఏం భ్రమరాంబా, మీటింగుకి నేత చీర కడతానన్నావు, ఇదేంటి?" అని మొదటి మాటే అలా మొదలుపెట్టింది. భ్రమరాంబ గారు నవ్వి, "ముందు ఫలహారం చెయ్యి వదినా," అంది.

మొదట మరమరాలు. త్రిమూర్తులు ఒక చేతిలో మరమరాల గిన్నె, ఇంకో చేతిలో ఉల్లిపాయ ముక్కలు, నిమ్మకాయ పట్టుకుని విశాలాక్షి గారి ఎదురుగా నిలబడ్డాడు.

"తినబోతున్నారా అండీ?"

"ఆ, పెట్టు బాబూ."

"ఇప్పుడేనా, ఇంకాసేపాగా?"

"ఇప్పుడే!"

"అయితే నోరు తెరవండి."

"ఎందుకూ?"

"తినేముందే కలపాలండీ. మీరు నోరు తెరిస్తే తినేముందని మాకు తెలుస్తుంది. లేకపోతే మెత్తబడి చస్తాయి."

విశాలాక్షి గారు భ్రమరాంబ గారి వైపు చూసింది. భ్రమరాంబ గారు సీలింగ్ ఫ్యాను వైపు చూసింది. ప్రెసిడెంటు మెల్లగా నోరు తెరిచింది. త్రిమూర్తులు గబగబా నిమ్మకాయ పిండి, ఉల్లిపాయలేసి కలపడం మొదలుపెట్టాడు. ఆవిడ చిరాకేసి నోరు మూసింది. అంతే, అతను టక్కున కలపడం ఆపేశాడు.

"ఏంటయ్యా ఆపావు?"

"మీరు తినడం మానేశారండీ."

"నేను మానలేదు!"

"మళ్ళీ తెరవండి అయితే."

తెరిచింది. కలిపాడు. "ఏం పద్ధతయ్యా ఇది" అందామని నోరు కదిపింది. ఆపాడు. ఇలా కాసేపు జరిగింది. పక్క కుర్చీ ఆవిడ ఇదంతా చూసి, తన వంతు రాకముందే నోరు తెరుచుకుని కూర్చుంది.

భ్రమరాంబ గారు మధ్యలోకి వచ్చి, "మరమరాలు వదిలెయ్యండర్రా, గవ్వలు పట్రండి!" అంది. ప్రాణమంతా గవ్వల మీదే పెట్టుకున్నట్టుంది.

నూకరత్నం పళ్ళెం తెచ్చింది. ఎర్రటి గవ్వలు, పైన ఎర్రటి కారం. విశాలాక్షి గారు ఒకటి తీసుకుని కళ్ళజోడు సర్దుకుంది. తిప్పి చూసింది. ఇంకోటి తీసింది. అదీ తిప్పింది.

"ఇవేంటమ్మాయ్, అన్నీ సగం సగం ఉన్నాయి?"

"రెండో సగం పరీక్షకి వెళ్ళిందండీ."

"ఏం పరీక్ష?"

"కొరికి చూడమన్నారండీ. చూశాం." నూకరత్నం మొహంలో గర్వం తొణికింది. "చాలామంది ఒకటి కొరికి ఊరుకుంటారండీ. అది పైపై పని. మేం ప్రతి ఒక్కటీ కొరికాం, మీరు నమ్మకంగా తినొచ్చు. అనుమానంగా ఉన్నవి ముగ్గురం కొరికాం. అదిగో, మీ చేతిలో ఉన్న చిన్నది, దానికి ఓటింగు కూడా జరిగింది."

పక్క కుర్చీ ఆవిడ, అప్పటికే ఒకటి నోట్లో వేసుకున్నావిడ, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్ల వైపు పరిగెత్తింది. ఎంగిలికి పరిగెత్తిందో, ఆరు గరిటెల ఉప్పుకి పరిగెత్తిందో చెప్పలేం. రెండింటికీ పరిగెత్తే హక్కు ఆవిడకుంది. విశాలాక్షి గారు గవ్వని పళ్ళెంలో మెల్లగా పెట్టి, లేచి, "భ్రమరాంబా, నీ ఇంట్లో ఆచారం ఇలా ఉంటుందని నాకు తెలీదు," అని వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే మండలి.

అబ్బులు పళ్ళెం పట్టుకుని మెట్ల దాకా వెంటపడ్డాడు. "కావాలంటే మీరే కొరికి చూడండి! అన్నీ ఆడతాయి!"

ముగ్గురూ గదిలోకి తిరిగొచ్చేశారు. భ్రమరాంబ గారు హాల్లోంచి వాళ్ళ వెనకే గుమ్మం దాకా వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. "అయిపోయింది. రేపట్నుంచి ఈ గది మాస్టారిది. మీరు ఈ తలుపు తీసి లోపల అడుగు పెట్టారో, మీ బోర్డు పొయ్యిలో పెడతాను. ఇది నా మాట." అని, మండలిని ఆటో దగ్గరైనా బతిమాలుకుందామని కిందకి పరిగెత్తింది.

ముగ్గురూ గదిలో నిలబడ్డారు. నూకరత్నం ముక్కు ఎగబీల్చింది. "గది పోయిందా?"

"ఆగు," అన్నాడు త్రిమూర్తులు. "ఏడవకముందు రూలు చూడు. ఆవిడేమంది? తలుపు తీసి లోపల అడుగు పెట్టకూడదంది. మనమెక్కడున్నాం?"

"లోపల."

"అంటే పెట్టాల్సిన అడుగు ఎప్పుడో పెట్టేశాం. బయటికెళితేనే కదా మళ్ళీ రావాల్సి వచ్చేది?"

అబ్బులు మొహం వెలిగిపోయింది. "బయటికెళ్ళకపోతే గది మనదే!"

అంతే, బోర్డు పరిచారు. అబ్బులు ఆట మొదలుపెట్టాడు. కాసేపటికి భ్రమరాంబ గారు పైకొచ్చింది. హాల్లో ఎక్కువై గదిలో పేర్చిన కుర్చీల వెనక వీళ్ళు నేలమీద కూర్చున్నారు. ఆవిడకి కనిపించలేదు. సిగ్గుపడి పోయారులే అనుకుని తలుపు లాగి తాళం వేసేసింది. పిలవలేదు కాబట్టి వీళ్ళు పలకలేదు. ఆకలేసింది. బకెట్లో పొత్రమంత బెల్లం ఉండ ఉంది. కానీ దాన్ని తినమని హైమక్క చెప్పలేదు.

పొద్దున్నే భ్రమరాంబ గారు గుర్నాథం మాస్టార్ని వెంటబెట్టుకుని వచ్చి తాళం తీసింది. తలుపు తోసింది. లోపల అడుగు పెట్టింది.

"ఆ!" అని ముగ్గురూ ఒక్కసారి లేచారు. "పిన్నిగారూ, మీరే తలుపు తీశారు! మీరే అడుగు పెట్టారు!"

మాస్టారు వెనక్కి రెండడుగులు వేశాడు. "ఎవరండీ వీళ్ళు?"

"రూలు తప్పింది మీరండీ," అన్నాడు త్రిమూర్తులు, మీసం తడుముకుంటూ. "మేం గీత కూడా దాటలేదు. ఆట మాదే. గదీ మాదే."

భ్రమరాంబ గారు గోడకి జారబడి కూర్చుండిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలీక కళ్ళొత్తుకుంది. అది చూసి నూకరత్నం మనసు కరిగింది. "పాపం, ఓడిపోతే ఎవరికైనా బాధే. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళని ఇలా వదిలెయ్యకూడదు. వాళ్ళింటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి ఓదార్చాలి." ముగ్గురూ ఆవిడని తలో పక్కా పట్టుకుని, మెల్లగా మెట్లు దింపి, కింద వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నీళ్ళిచ్చారు. "మళ్ళీసారి మీరూ గెలుస్తారండీ," అన్నాడు అబ్బులు. తర్వాత గొప్పగా మెట్లెక్కి వచ్చారు.

తలుపు మూసి ఉంది. లోపల మాస్టారు బల్లలు జరుపుకుంటున్నాడు.

అబ్బులు తలుపు మీద చెయ్యి వేశాడు. త్రిమూర్తులు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"మనం బయటున్నాం," అంది నూకరత్నం.

"అవును."

"తలుపు తీసి అడుగు పెట్టకూడదు."

"కూడదు."

"కానీ గది మనదే."

"అందులో అనుమానమేముంది? గెలిచింది మనమేగా!"

ఆ రోజు నుంచీ గది వాళ్ళదే. లోపల గుర్నాథం మాస్టారి పిల్లలు ఎక్కాలు వల్లిస్తూ ఉంటారు. గది యజమానులు ముగ్గురూ సాయంత్రం కాగానే వచ్చి బయట మెట్ల మీద కూర్చుని, లోపలికి ఎవరైనా తెలీక అడుగు పెడుతున్నారేమో అని కాపలా కాస్తుంటారు. ఓ సాయంత్రం మాస్టారికి జాలేసింది. తలుపు తీసి, "మీ బోర్డు లోపలే ఉండిపోయింది కదర్రా, నేను తెచ్చిస్తాను, ఇక్కడ ఆడుకోండి" అన్నాడు.

ముగ్గురూ కంగారుగా లేచి నిలబడ్డారు.

"ముట్టుకోకండి మాస్టారూ!" అన్నాడు త్రిమూర్తులు. "ఆట మధ్యలో బోర్డు కదపకూడదు."